వేలప్ప పెండ్లాం తిరిగొచ్చిన కథ

వెంకటగిరియప్ప మూడో బెంచీని వెల్లకిలా పడేసి, పలకల సందుల్లోకి కోడి ఈకతో కిరసనాయిలు పట్టిస్తున్నాడు. లోపల దాగిన నల్లులు ఒక్కొక్కటే బయటికి వచ్చి, కాస్త దూరం పాకి, కాళ్ళు ముడుచుకుని పడిపోతున్నాయి. దొరల పటాలం ఉండే దండులోని హార్టన్ టాకీసులో ప్రతి సోమవారం ఉదయం ఆయన చేసే పని ఇది. మగవాళ్ళ వైపు పన్నెండు బెంచీలు, నడుమెత్తు చెక్కగోడకు అవతల ఆడవాళ్ళకు నాలుగు. వెనక ఉన్న కుర్చీలకు నల్లులు పట్టవని మేనేజరు అంటాడు. పడతాయని వెంకటగిరియప్పకు తెలుసు. కానీ ఆ కుర్చీలు చూసుకునే మనిషి వేరు.

యాభై ఎనిమిదేళ్ళు ఆయనకు. పొట్టి మనిషి, మెడ లేనట్టు తల నేరుగా భుజాల మీదే కూర్చుని ఉంటుంది. ఖాకీ కోటుకు ఐదు ఇత్తడి గుండీలు ఉండాల్సింది, మూడే మిగిలాయి. ఎడమ చెవి సరిగా వినపడదు. గొంతు మాత్రం ఇప్పటికీ పెద్దది. గేటు దగ్గర "టికెట్టు, టికెట్టు" అంటే రోడ్డుకు అవతల జట్కా గుర్రాలు చెవులు కదిలిస్తాయి.

టికెట్ల గుమాస్తా నారాయణప్ప మడిచిన ఆంగ్ల పత్రిక చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. నలభై దాటిన మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివర దాకా జారి ఉంటాయి.

"గిరియప్పా, ఇట్ల రా. మీ వేలప్ప సంగతి ఈ పొద్దు పెద్దగా రాసినారు. సాయంత్రం నువ్వు మాట్లాడాల కదా. విని పెట్టుకో."

వెంకటగిరియప్ప ఈకను డబ్బాలో పెట్టి, చేతులు కోటుకు తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు.

వేలప్ప అంటే ఆల్బర్ట్ వేలాండ్. అమెరికా సినిమా బొమ్మల్లో వేషాలు వేసేవాడు. పొడుగాటి మనిషి, పొడుగాటి ముఖం, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఎప్పుడూ జేబుల చుట్టూ తడుముకుంటూ ఉండేవాడు. దొరలు ఏ పేరుతో పిలిచినా బెంచీల వాళ్ళకు ఆయన వేలప్పే. నాలుగు రోజుల కిందట ఆయన పోయాడని తంతి వచ్చింది. గోదాములో పడివున్న పాత మూగబొమ్మ ఒకటి మేనేజరుకు గుర్తొచ్చింది. సోమవారం నాలుగు గంటలకు వేలప్ప పేరు మీద ప్రత్యేకపు ఆట అనీ, పాతరోజుల్లో లాగే వెంకటగిరియప్ప తెర పక్కన నిలబడి కథ చెబుతాడనీ నిన్నంతా జట్కాలో తప్పెట కొట్టిస్తూ అలసూరు సందులన్నీ తిప్పించాడు. పదిహేనేళ్ళ తరువాత తన పేరు తప్పెట మీద వినపడితే వెంకటగిరియప్పకు ఛాతీ నిండింది. రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు.

నారాయణప్ప చదివి తెలుగులో చెప్పసాగాడు.

"పుట్టింది ఏదో చలిదేశం ఊర్లో అంట. నాయన సర్కసులో గుర్రాలకు గడ్డేసేవాడు. పద్నాలుగేండ్లకే ఇల్లిడిచి పారిపోయినాడు. వాళ్ళమ్మ చచ్చిపోయిన సంగతి మూడేండ్లకు గానీ తెలీలేదంట."

"అమ్మని దగ్గర పెట్టుకొని చూసుకోలేదా?"

"ఎవరు చెప్పినారు నీకు?"

వెంకటగిరియప్ప చేతులకంటిన కిరసనాయిలు మళ్ళీ కోటుకు తుడుచుకున్నాడు.

"పెండ్లిండ్లు నాలుగు. కూతురు ఒకతి. దానికీ ఈయనకీ కోర్టులో వ్యాజ్యం నడిచింది. మాట్లాడే బొమ్మలు వచ్చినాక గొంతు పీలగా ఉండాదని ఎవరూ పిలవలేదంట. ఆరేండ్లు పనే లేదు. ఇల్లు అమ్ముకొన్నాడు. తరవాత తాత వేషాలు, బంట్రోతు వేషాలు. అయినా జనం మరిచిపోలేదు చూడు, శవం వెంట వేలమంది నడిచినారంట."

"మొదటి పెండ్లాం సంగతి ఏం రాసినారు?"

"ఎనిమిది నెలలకే ఇడిచిపెట్టి పోయింది. పేరు కూడా వెయ్యలేదు."

"మళ్ళీ తిరిగి వచ్చిందా?"

నారాయణప్ప కళ్ళద్దాల మీదుగా చూశాడు. "ఏం మాట్లాడతావప్పా! ఆ యమ్మ ఇంకొకన్ని చేసుకొని ఏ కాలమో అయింటాది."

వెంకటగిరియప్ప లేచి వెళ్ళి మళ్ళీ ఈక పట్టుకున్నాడు. నాలుగో బెంచీని తిప్పబోయి, చేసిన మూడో బెంచీనే మళ్ళీ తిప్పాడు.

ఇరవై రెండేళ్ళ కిందట ఇదే టాకీసులో ఆయన గేటు మనిషి కాదు. తెర పక్కన ఎత్తుపీట మీద, చేతిలో పొడుగాటి వెదురుబద్దతో నిలబడి మూగబొమ్మలకు మాట చెప్పేవాడు. ఆంగ్లం రాదు. అసలు ఏ భాషలోనూ చదవడం రాదు. పియానో వాయించే డిసిల్వా ఆటకు ముందు వచ్చీరాని తమిళంలో కథ నాలుగు ముక్కలు చెప్పేవాడు. ఆ నాలుగు ముక్కల్ని వెంకటగిరియప్ప తెలుగూ కన్నడమూ కలిపి రెండు గంటలు సాగదీసేవాడు. నూలుమిల్లు వాళ్ళు, జట్కావాళ్ళు, ఇటుకబట్టీల వాళ్ళు బొమ్మకు ఎంత వచ్చేవాళ్ళో ఆయన మాటకూ అంతే వచ్చేవాళ్ళు.

అప్పట్లో టాకీసుకు బొమ్మ వేసే యంత్రం ఒక్కటే. ఒక ఫిల్ము చుట్ట తీసి మరొకటి ఎక్కించడానికి నాలుగు నిమిషాలు పట్టేది. ఆ నాలుగు నిమిషాలు బెంచీల వాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. పలకలు తన్నేవాళ్ళు, ఈలలు వేసేవాళ్ళు. "ఎట్లన్నా చేసి వాళ్ళను కూర్చోబెట్టు" అని అప్పటి మేనేజరు అన్నాడు. అక్కడ మొదలయింది.

"వేలప్ప ఇంట్లో ఎట్లుంటాడో తెలుసునా మీకు?" అని ఒకసారి అడిగాడు. టాకీసంతా నిశ్శబ్దమైపోయింది. ఆయన ఆ నిశ్శబ్దం రుచి మరిగాడు. వేలప్ప కల్లు ముట్టడన్నాడు. ముసలి తల్లికి తన చేత్తో అన్నం పెట్టి గానీ వేషానికి పోడన్నాడు. ఒక బొమ్మలో వేలప్ప ఇంటి గేటు పట్టుకుని, మెడ సాచి, దారి వంక చాలాసేపు చూస్తాడు. అది వచ్చినప్పుడు వెంకటగిరియప్ప గొంతు తగ్గించి చెప్పేవాడు: "ఇక్కడ వేలప్ప వేషం వెయ్యలేదు. ఇది ఆయన బతుకే. ఆయన పెండ్లాం చెప్పకుండా పోయింది. పదకొండేండ్లు ఆయన ఇంకొక ఆడదాని మొగం చూడలేదు. పదకొండో ఏట ఆ యమ్మ తనంతట తానే గేటు తీసుకొని వచ్చింది." ఆడవాళ్ళ బెంచీల్లోంచి ముక్కులు చీదిన చప్పుడు వినపడేది.

ఆ బెంచీల్లో కూర్చునేది మునివెంకటమ్మ. నూలుమిల్లులో కండెలు చుట్టేది. ఆమెకు ఇరవై రెండేళ్ళప్పుడు మొగుడు కోలారు గనులకని పోయి, అక్కడి నుంచి రంగూనుకో ఎక్కడికో పోయాడు. మూడేళ్ళు జాబు లేదు, మనిషి జాడ లేదు. వెంకటగిరియప్ప బావమరిది నరసింహప్ప, భార్య కదిరమ్మకు తమ్ముడు, జట్కా గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. నెమ్మదైన మనిషి. మునివెంకటమ్మను కూడిక, అంటే మారుమనువు, చేసుకుంటానన్నాడు. వాళ్ళ కులంలో దానికి అడ్డులేదు. "బావా, ఆ యమ్మ నీ మాట వింటాది. నువ్వొక మాట చెప్పు" అని బతిమాలాడు. చెబుతానని వెంకటగిరియప్ప మాట ఇచ్చాడు.

చెప్పడానికి ఒక రోజు వచ్చింది. ఆట వదిలాక గేటు బయట మిల్లువాళ్ళు ఐదారుగురు ఆయన చుట్టూ నిలబడి ఉన్నారు. మునివెంకటమ్మ నేరుగా వచ్చి, అందరూ వింటుండగా అడిగింది.

"అన్నా, వేలప్ప పెండ్లాం తిరిగొచ్చిందని చెప్తివి కదా. అది నిజమేనా, సుమ్మనే ఊరికే చెప్పినావా?"

అందరూ ఆయన ముఖమే చూశారు. ఒకడు అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. వెంకటగిరియప్పకు తన ఎత్తుపీట కాళ్ళ కింద కదిలినట్టయింది. "నిజమమ్మా. పేపర్లో వేసినారు. నేనే చదివినా. మా యమ్మ మీద ఒట్టు" అన్నాడు.

మునివెంకటమ్మ తలూపి వెళ్ళిపోయింది. నరసింహప్పకు రెండు రోజుల తరువాత వద్దని కబురు పంపింది. అతను ఆ నెలలోనే కొలిమి ఎత్తేసి కాడుగోడికి పోయాడు. పెళ్ళి చేసుకోలేదు. యుద్ధం నడిచేటప్పుడు విషజ్వరం తగిలి అక్కడే పోయాడు. మునివెంకటమ్మ మొగుడు ఈనాటికీ రాలేదు. వెంకటగిరియప్ప సంగతికొస్తే, మాట్లాడే బొమ్మలు వచ్చాక కొన్నాళ్ళు బెంచీల మధ్య వంగి తిరుగుతూ, గొంతు బాగా తగ్గించి కథ చెప్పాడు. వెనక కుర్చీల్లో దొరలు కసురుకున్నారు. ఒకరోజు మేనేజరు ఆయన చేతిలోంచి వెదురుబద్ద తీసుకుని ఖాకీ కోటు ఇచ్చాడు.

పదకొండు గంటలకు పాత బొమ్మను ఒకసారి వేసి చూశారు. గేటు ఉన్న బొమ్మే అది. తెర మీద వేలప్ప గేటు పట్టుకుని మెడ సాచాడు. తరువాత నల్లపలక మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. నారాయణప్ప గట్టిగా నవ్వాడు.

"ఏం రాసుండాది?" అని వెంకటగిరియప్ప అడిగాడు.

"పాలవాడు ఇంకా రాలేదే అంటాడు."

"పాలవాడా?"

"ఊ. పిల్లి ఆకలితో అరస్తా ఉండాది కదా, దానికి."

ఆ బొమ్మను వెంకటగిరియప్ప వందసార్లు చెప్పి ఉంటాడు. పిల్లి ఉన్నట్టే ఆయన ఎన్నడూ గమనించలేదు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాడు. కదిరమ్మ రాగిముద్ద, బచ్చలాకు పులుసు పెట్టింది. ఆమె చెక్కపెట్టెలోంచి ఉతికిన పంచె తీసి ఉంచింది. ఈ పూటకు కోటు వద్దు, పంచె కట్టుకుని పొమ్మంది.

"మా నరసింహ ఉండింటే ఈ పొద్దు ముందు బెంచీలో కూర్చొనుండేవాడు" అంది పులుసు వడ్డిస్తూ. "నీ మాటంటే వానికి ఎంత ఇదో."

 ఆయన ముద్దను పక్కకు జరిపి నీళ్ళు తాగాడు. ఒట్టు వేసిన సంగతి కదిరమ్మకు తెలియదు. ఇన్నేళ్ళు ఆమె తమ్ముడి గురించి ఎత్తినప్పుడల్లా ఆయన ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి బయటికి వెళ్ళేవాడు. ఆమె దాన్ని దుఃఖమనుకునేది. ఈ రోజూ లేచాడు. పంచె అక్కడే వదిలి ఖాకీ కోటుతోనే బయలుదేరాడు.

దారిలో ఎదురైనవాళ్ళు ఆగి పలకరించారు. "గిరియన్నా, ఈ పొద్దు నీదే ఆట!" అన్నాడు ఒక జట్కావాడు. అంతకుముందు రోజు ఇదే మాట అని ఉంటే తల ఎత్తుకుని నడిచేవాడు. ఇప్పుడు వీపు మీద ఎవరో చెయ్యి వేసి తోస్తున్నట్టు ఉంది. తాను ఏడిపించింది వీళ్ళనే. అంతకు మించి, ఆ చచ్చిపోయిన మనిషికి నిజంగా వచ్చిన కష్టం ఒకటుంది. గొంతు పనికిరాదని ఆరేళ్ళు ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఆరేళ్ళూ కొత్త బొమ్మ రాలేదేమని బెంచీల వాళ్ళు అడిగితే, తల్లికి జబ్బు చేసింది, సేవ చేసుకుంటున్నాడు అని తాను చెప్పాడు. ఆయన ఇల్లు అమ్ముకుంటున్న రోజుల్లో ఇక్కడ తాను ఆయనకు లేని పుణ్యమంతా అంటగట్టాడు.

నాలుగు గంటలకు బెంచీలు నిండాయి. తెర కింద వేలప్ప పటం ఒకటి పెట్టి దండ వేశారు. చాలామందికి జుట్టు నెరిసింది. తలుపుల సందుల్లోంచి ఎండ చారలుగా పడుతోంది. ఆడవాళ్ళ వైపు చివరి బెంచీ మీద, గోడ పక్కన, మునివెంకటమ్మ కూర్చుని ఉంది. మిల్లు నుంచి నేరుగా వచ్చినట్టుంది, జుట్టులో దూది పింజలు ఉన్నాయి. చెంపలు లోపలికి పోయాయి.

వెంకటగిరియప్ప ఎత్తుపీట ఎక్కాడు. ఈలలు మోగాయి.

"అందరూ వినండప్పా" అన్నాడు. ఆ గొంతుకు టాకీసు సద్దుమణిగింది. "నేను మీకు ఇన్నేండ్లు వేలప్ప సంగతులు చెప్పినాను. అన్నీ అబద్ధాలు. ఆయనకు నలుగురు పెండ్లాలు. పోయిన పెండ్లాం తిరిగి రాలేదు. తల్లిని చూసుకోలేదు. నాకేమీ తెలీదు. నాకు తోచింది చెప్పినాను."

 ముందు బెంచీలో ఒక ముసలివాడు తొడ చరిచి నవ్వాడు. ఆ నవ్వు బెంచీ నుంచి బెంచీకి పాకింది. పాతరోజుల్లో వెంకటగిరియప్ప ఇలాగే మొదలుపెట్టేవాడు, ఈ బొమ్మలో ఏమీ లేదు లేచి ఇండ్లకు పోండి అని. "అదీ మా గిరియన్న!" అని ఎవరో అరిచారు. "చెప్పు, చెప్పు!"

"నవ్వులాట కాదప్పా..." అన్నాడు. దీపాలు ఆరిపోయాయి. యంత్రం గరగరమంది.

ఆయన వెదురుబద్ద పట్టుకుని నిలబడ్డాడు. వేలప్ప తెర మీదికి వచ్చి, జేబులు తడుముకుని, గుమ్మం తగిలి పడ్డాడు. టాకీసంతా నవ్వింది. వెంకటగిరియప్ప నోరు దానంతట అదే తెరుచుకుంది. ఏం చెబుతున్నాడో ఆయనకు తెలియదు కానీ చెబుతూనే ఉన్నాడు. గేటు వచ్చింది. వేలప్ప మెడ సాచాడు.  జనం ఆ పాతమాట కోసం ఎదురుచూస్తున్నారు.

"పాలవాని కోసం చూస్తా ఉండాడు" అన్నాడు వెంకటగిరియప్ప. "పిల్లికి ఆకలయితా ఉండాది."

దానికీ నవ్వారు.

బొమ్మ అయిపోయి దీపాలు వెలిగాయి. దాని తరువాత మాటలు వచ్చే బొమ్మ ఉంది, పావుగంట విరామం. మగవాళ్ళు టీనీళ్ళకని బయటికి పోయారు. ఆడవాళ్ళూ ఒక్కొక్కరే లేచారు. మునివెంకటమ్మ లేవలేదు. వెంకటగిరియప్ప చెక్కగోడ దగ్గరికి వెళ్ళి, దాని మీద రెండు చేతులూ ఆనించాడు.

"మునెంకటమ్మా."

"చెప్పన్నా."

"నేను ముందర చెప్పింది నవ్వులాటకు కాదమ్మా. ఆ యమ్మ తిరిగి రాలేదు. పేపర్లో వేసినారని నేను ఒట్టేసింది అబద్ధం. నాకు చదవను రాదు."

"నీకు చదవను రాదని నాకు తెలుసన్నా. ఆ పొద్దే తెలుసు. కదిరమ్మ ఎప్పుడో చెప్పింది, మిల్లువాళ్ళు చదవమని ఇచ్చిన జాబులు నువ్వు చాటుగా ఎవరి చేతనో చదివించుకొంటావని."

వెంకటగిరియప్పకు అర్థం కాలేదు. "తెలిసీ ఎందుకడిగితివి మరి?"

ఆమె తన చేతుల వంక చూసుకుంది. నూలు కోసిన గీతలు వేళ్ళ నిండా తెల్లగా ఉన్నాయి.

"నువ్వు కాదంటావని అడిగితినన్నా. అక్కడ ఉండింది అంతా మిల్లువాళ్ళే. వాళ్ళ ముందర నువ్వు, అదంతా కట్టుకథమ్మా, సుమ్మనే చెప్పినా, పోయి నీ బతుకు నువ్వు చూసుకో అంటే, ఇంక కూడిక చేసుకొన్నా నన్ను ఎవరూ ఏమీ అనుండరు. అందుకే అంతమందిలో అడిగితిని. ఆయన కూడా, మీ బావమరిది, రోడ్డు కొసాన గుర్రాన్ని పట్టుకొని నిలుచుకొని ఉండె. నేను పోయి ఏం చెప్తానో అని చూస్తా ఉండె." ఆమె వేలి మీది గీతను బొటనవేలితో రుద్దుకుంది. "నువ్వు మీ యమ్మ మీద ఒట్టేస్తివి."

ఇన్నేళ్ళూ వెంకటగిరియప్ప తన తప్పుకు ఒక కొలత వేసుకుని ఉన్నాడు. అబద్ధం చెప్పాను, ఆమె నమ్మింది, పాపం మొగుడి కోసం ఆగిపోయింది అనుకున్నాడు. నమ్మించగలిగినందుకు ఆ సిగ్గులోనే ఎక్కడో గోరంత గర్వం కూడా దాక్కుని ఉందని ఇప్పుడు తెలిసింది. ఆమె నమ్మలేదు. తలుపు తీయమని అడిగింది. తాను గొళ్ళెం పెట్టాడు. అదీ ఐదారుగురు నవ్వుతారేమోనని.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు. అంత పెద్ద గొంతూ చెక్కగోడ దాటి పోయిందో లేదో తెలియదు.

"ఉండనీలే అన్నా. నేనైనా ఇంకొక సారి అడగలేదు కదా." ఆమె చెంగు సర్దుకుని లేచింది.

"రెండో బొమ్మ చూడవా?"

"లేదన్నా. మాటలు వచ్చే బొమ్మలు నాకు తెలీవు."

ఆమె బెంచీల మధ్య నుంచి నెమ్మదిగా నడిచి, పక్కతలుపు తీసుకుని ఎండలోకి వెళ్ళింది. వెనక్కి చూడలేదు. అలాగని కోపంగా తలుపు వేయనూ లేదు. చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా దగ్గరకు వేసింది. ఆ ఏడు పండగ రోజులు రాకముందే ఆమె మిల్లు మానుకుని చందాపురలో చెల్లెలు సొన్నమ్మ ఇంటికి పోయిందని కదిరమ్మ చెప్పింది. అది విని వెంకటగిరియప్ప ఈసారి లేచి బయటికి పోలేదు. ఒట్టు వేసిన సంగతి, రోడ్డు కొసాన నరసింహప్ప నిలబడిన సంగతి, మొత్తం చెప్పాడు. కదిరమ్మ పొయ్యి ముందు అలాగే కూర్చుండిపోయింది. నెల రోజులు ఆమె ఆయనకు అన్నం పెట్టింది కానీ మాట్లాడలేదు.

ఆ సాయంత్రం మాత్రం గంట మోగగానే ఆయన గేటుకు వెళ్ళక తప్పలేదు. జనం టీ వాసనతో, బీడీ వాసనతో లోపలికి తోసుకువస్తున్నారు. టికెట్లు చింపుతూ ఒకసారి ఆడవాళ్ళ వైపు చూశాడు. చివరి బెంచీ మీద, గోడ పక్కన, మునివెంకటమ్మ కూర్చున్న చోట ఎవరూ కూర్చోలేదు. అక్కడ ఒక మోదుగాకు పొట్లం ఉంది. వేలప్ప పటానికి వేయడానికని తెచ్చి ఉంటుంది. ముడి విప్పలేదు. ఆకు చీలిక నుంచి నాలుగు కనకాంబరాలు బయటికి కనిపిస్తున్నాయి, వాటి మీద చల్లిన నీళ్ళ తడి ఇంకా ఆరలేదు.